ఉదయం ఆర్డరు.. సాయంత్రానికి మాల
పువ్వు వేళ తెలిసి అడిగితేనే సకాలంలో చేరుతుంది

తిరుపతి: బెంగళూరులో ఉద్యోగం చేసే కుమారుడు తిరుపతిలో ఉన్న తల్లి పుట్టినరోజుకు పూలగుచ్ఛం పంపాలనుకుంటాడు. కువైట్‌లో ఉన్న అల్లుడు చిత్తూరులో మామగారి షష్టిపూర్తికి జంట దండలు పంపాలనుకుంటాడు. అమెరికాలో ఉన్న మనవరాలికి తాతగారు కన్నుమూశారన్న కబురు అందుతుంది. విమానం ఎక్కి వచ్చేలోపు అంతిమయాత్ర పూర్తవుతుంది. తన పేరున ఒక మాలైనా ఆ పూట అక్కడ ఉండాలన్నది ఆమె కోరిక. ఈ ముగ్గురూ చేసే పని ఒక్కటే. ఫోన్ తీసి, తిరుపతిలో అదే రోజు పూలు చేర్చే దుకాణం కోసం వెతుకుతారు.

తెరపై అనేక పేర్లు కనిపిస్తాయి. రెండు గంటల్లో చేరుస్తామని ఒకరు, అర్ధరాత్రి అయినా చేరుస్తామని మరొకరు ప్రకటించి ఉంటారు. డబ్బు చెల్లించడం నిమిషాల్లో ముగుస్తుంది. అసలు చిక్కు ఆ తర్వాతే. చీరో, చరవాణో ఒక రోజు ఆలస్యంగా వస్తే సర్దుకోవచ్చు. పూల విషయంలో ఆ వీలు లేదు. ముహూర్తం దాటిన దండను ఎవరూ మెడలో వేసుకోరు. పాడె కదిలిన తర్వాత వచ్చిన మాలను ఎక్కడ ఉంచాలో ఇంటివారికీ తెలియదు.

అదే రోజు అనే హామీని నిలబెట్టేది వెబ్‌సైట్ కాదు. ఆ వేళకు ఊళ్లో ఆ పువ్వు ఉండాలి. కట్టే చేయి ఖాళీగా ఉండాలి. మోసుకెళ్లే మనిషి దొరకాలి. ఈ మూడూ కుదిరితేనే మాల చేరుతుంది. ఈ మూడింటి గురించి తెలుసుకుని ఆర్డరు ఇచ్చేవారికి నష్టం తక్కువ.

పువ్వుకూ వేళ ఉంది

మల్లె మొగ్గలను తెల్లవారుజామునే కోస్తారు. పొద్దెక్కేలోపు అవి మార్కెట్‌కు చేరుతాయి. పగలంతా వాటిని దారంతో కడతారు. సాయంత్రానికి విచ్చుకోవడం మొదలుపెట్టి రాత్రికి పూర్తిగా విరుస్తాయి. మల్లెపూల అమ్మకం సాయంత్రం వేళ జోరుగా సాగడానికి కారణం ఇదే. ఉదయం పది గంటలకు విరిసిన మల్లెలు కావాలని కోరితే దుకాణదారు ఇవ్వగలిగేవి నిన్నటి పూలే. అదే పది గంటలకు ఆర్డరు ఇచ్చి సాయంత్రం ఐదు గంటలకు చేర్చమంటే నేటి పూలు అందుతాయి.

కాలం కూడా చూసుకోవాలి. మల్లెకు వేసవి ముఖ్యమైన కాలం. చలికాలంలో దిగుబడి బాగా పడిపోయి ధర పైకి పోతుంది. ఆ రోజుల్లో మల్లెదండే కావాలని పట్టుబడితే ఎక్కువ చెల్లించి తక్కువ పూలు అందుకోవలసి ఉంటుంది. కనకాంబరానికి వాసన లేకపోయినా వాడకుండా ఎక్కువసేపు నిలుస్తుంది. చామంతి, బంతి కూడా ప్రయాణాన్ని తట్టుకుంటాయి. నాటు గులాబీ రేకులు త్వరగా రాలతాయి. పొడవైన కాడతో వచ్చే డచ్ గులాబీ, జెర్బెరా నీటిలో ఉంచితే కొన్ని రోజులు నిలుస్తాయి. పూలగుచ్ఛాల్లో ఇవే ఎక్కువగా కనిపించడానికి కారణం అందం ఒక్కటే కాదు.

తిరుపతిలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. పూలగుచ్ఛాన్ని మిట్టమధ్యాహ్నం ద్విచక్ర వాహనంపై పది కిలోమీటర్లు తీసుకెళితే చేరేసరికి గులాబీలు తల వాలుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం పదిలోపు గాని, సాయంత్రం ఐదు తర్వాత గాని చేర్చమని కోరడం మేలు.

మూడు రాష్ట్రాల పూలు

తిరుపతికి పూలతో ఉన్న అనుబంధం నేటిది కాదు. తిరుమలకు వైష్ణవ సంప్రదాయంలో పుష్పమండపమని పేరు. రామానుజాచార్యుల ఆదేశంతో ఆయన శిష్యుడు అనంతాళ్వారు కొండపై పూలతోట పెంచి స్వామివారికి మాలలు సమర్పించిన కథ భక్తులకు తెలిసిందే. నేటికీ తోమాల సేవలో మాలలతోనే స్వామివారిని అలంకరిస్తారు. 1980లో పునరుద్ధరించిన పుష్పయాగం ఏటా కార్తీక మాసంలో జరుగుతుంది. టన్నుల కొద్దీ పూలు ఇందుకు వినియోగిస్తారు. ఆంధ్రప్రదేశ్‌తో పాటు తమిళనాడు, కర్ణాటకల నుంచి దాతలు వాటిని పంపుతారు.

ఊళ్లో అమ్మే పూలు వచ్చే దారులు కూడా ఈ మూడు రాష్ట్రాల్లోనే ఉన్నాయి. చిత్తూరు జిల్లా పడమటి మండలాలైన కుప్పం, శాంతిపురం, రామకుప్పం, వి.కోట, పలమనేరు ప్రాంతాల్లో చామంతి, బంతి, గులాబీ విస్తారంగా సాగవుతాయి. ఎత్తయిన ప్రాంతం కావడం, వాతావరణం చల్లగా ఉండటం పూలసాగుకు అనుకూలించాయి. అక్కడి రైతులకు బెంగళూరు, చెన్నై మార్కెట్లు ముఖ్యమైనవి. పూలగుచ్ఛాలకు వాడే పొడవు కాడ గులాబీలకు హోసూరు, బెంగళూరు పరిసరాలు పెట్టింది పేరు. అవి రాత్రి ప్రయాణం చేసి తెల్లవారేసరికి ఇక్కడి దుకాణాలకు చేరాలి.

దీని అర్థం ఒక్కటే. దండకు కావాల్సిన పూలు దగ్గరలోనే దొరుకుతాయి. గుచ్ఛానికి కావాల్సిన పూలు దూరం నుంచి రావాలి. ఉదయం వచ్చిన సరకు అయిపోతే మళ్లీ మరునాటి ఉదయమే. సాయంత్రం నాలుగు గంటలకు ఫోన్ చేసి యాభై ఎర్ర గులాబీలు కావాలంటే చిన్న నగరంలోని దుకాణదారు వద్ద అన్ని ఉండకపోవచ్చు. అదే వేళకు ఐదడుగుల చామంతి దండ అడిగితే కట్టి ఇవ్వగలడు.

పండుగలు, పెళ్లి ముహూర్తాలు ఈ లెక్కను తారుమారు చేస్తాయి. శ్రావణ శుక్రవారాలు, ముఖ్యంగా వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, దసరా, కార్తీక సోమవారాలు, వైకుంఠ ఏకాదశి, మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర రోజుల్లో పూల ధర ఒక్కసారిగా పెరుగుతుంది. ఫిబ్రవరి 14కు ముందు హోసూరు, బెంగళూరు ప్రాంతాల గులాబీలు ఎగుమతికి తరలిపోతాయి. ఇక్కడ గులాబీ ధర పెరగడానికి అదీ ఒక కారణం. ఈ రోజుల్లో అదే రోజు ఆర్డరును నమ్ముకోకుండా ఒకటి రెండు రోజులు ముందే చెప్పి ఉంచాలి. పెళ్లిళ్లు ఉండని ఆషాఢం, పుష్యమాసాల్లో పూలూ దొరుకుతాయి, కట్టేవారూ దొరుకుతారు.

తమిళనాడులోని శ్రీవిల్లిపుత్తూరు నుంచి గోదాదేవి మాలలు బ్రహ్మోత్సవాల గరుడ సేవకు ఏటా తిరుమలకు వస్తాయి. 500 కిలోమీటర్లకు పైగా దూరం నుంచి వచ్చే ఆ మాలలు వేళకు అందుతున్నాయంటే ఆ వెనుక ముందస్తు ఏర్పాటు ఉంది. దూరం ఎంత ఉన్నా ముందుగా చెప్పిన పువ్వు చేరుతుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

ఆర్డరు ఎవరి చేతికి వెళుతుంది?

పూలు చేర్చే వెబ్‌సైట్లు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది, ఊళ్లోనే దుకాణం ఉండి తన పేరుతో ఆర్డర్లు తీసుకునే స్థానిక వ్యాపారిది. రెండోది, పెద్ద నగరంలో కార్యాలయం ఉండి దేశమంతటా సొంత శాఖల ద్వారా గాని, ఒప్పందం ఉన్న దుకాణాల ద్వారా గాని సరకు చేర్చే సంస్థది. 1994లో ఢిల్లీలో మొదలైన ఫెర్న్స్ ఎన్ పెటల్స్ వంటివి ఈ కోవలోకి వస్తాయి. మూడోది, ఏ ఊళ్లోనూ దుకాణం లేకుండా ఆర్డరు, డబ్బు తీసుకుని, తన వాటా మినహాయించుకుని, ఆ ఊళ్లోని ఏదో ఒక దుకాణానికి ఫోన్ చేసి పని అప్పగించే మధ్యవర్తిది. కొన్ని సంస్థలు పెద్ద నగరం నుంచి పెట్టెలో పెట్టి కొరియర్‌లో పంపుతాయి. అది అదే రోజు చేరదు.

ఈ పద్ధతి ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. 1910లో అమెరికాలో 15 మంది పూల వ్యాపారులు కలిసి టెలిగ్రాం ద్వారా ఆర్డర్లు మార్చుకునేందుకు సంఘంగా ఏర్పడ్డారు. ఫ్లోరిస్ట్స్ టెలిగ్రాఫ్ డెలివరీ అన్నది దాని పేరు. ఒక ఊరివారు తమ ఊరి దుకాణంలో డబ్బు కడితే, తంతి అందుకున్న మరో ఊరి దుకాణం పూలు కట్టి చేర్చేది. పువ్వు కదిలేది కాదు, మాట మాత్రమే ప్రయాణించేది. నేటి యాప్‌లు చేస్తున్నదీ అదే. బెంగళూరు నుంచి ఆర్డరు ఇచ్చిన గుచ్ఛాన్ని కట్టేది తిరుపతి దుకాణంలోని మనిషే.

ఎవరికి ఎంత?

అమెరికాలో చాలాకాలం వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఆర్డరు తీసుకున్న దుకాణానికి 20 శాతం, మధ్యవర్తి సంస్థకు ఏడు శాతం పోగా, పూలు కట్టి చేర్చిన దుకాణానికి 73 శాతం దక్కేది. ఆ లెక్కనే ఇక్కడికి అన్వయించి చూస్తే, వెయ్యి రూపాయలు చెల్లించినవారి డబ్బులో 270 రూపాయలు దారిలోనే ఆగిపోతాయి. మిగిలిన 730లో పూల ఖరీదు, ఆకు, రిబ్బను, కాగితం, కట్టుకూలి, చేరవేత ఖర్చు, దుకాణదారు లాభం అన్నీ సరిపోవాలి. మధ్యవర్తి వాటా అంతకంటే ఎక్కువైతే దుకాణదారుకు మిగిలే దారి ఒక్కటే. పూలు తగ్గించడం. బొమ్మలో పాతిక గులాబీలు కనిపించి, ఇంటికి పద్దెనిమిది చేరడం వెనుక తరచూ ఉండేది ఈ లెక్కే.

మధ్యవర్తికి ఇచ్చే వాటా అంతా వృథా అనడానికి లేదు. ఊరితో పరిచయం లేనివారికి, అర్ధరాత్రి విదేశం నుంచి డబ్బు చెల్లించాలనుకునేవారికి అదొక సౌకర్యం. అయితే ఊరు తెలిసినవారు, ఆ ఊళ్లో పుట్టి పెరిగినవారు నేరుగా దుకాణానికి ఫోన్ చేస్తే అదే డబ్బుకు ఎక్కువ పూలు వస్తాయి. కట్టేవారికీ నాలుగు రూపాయలు మిగులుతాయి.

కట్టేవారు ఎవరన్నది కూడా గుర్తుంచుకోవాలి. విడిపూలు ఇంటికి తెచ్చుకుని దారంతో కట్టి దుకాణాలకు ఇచ్చే మహిళలు ఈ వ్యాపారానికి ఆధారం. పువ్వు వాడిపోయేలోపు పని ముగించాలి కనుక గంటల తరబడి కూర్చున్నచోటు నుంచి లేవకుండా కడతారు. 2020 మార్చి 20న తిరుమలలో భక్తుల దర్శనాలు నిలిచిపోయి, ఆ వెంటనే దేశమంతా లాక్‌డౌన్ విధించినప్పుడు గుళ్లు, పెళ్లిళ్లు, బజార్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కొనేవారు లేక పూలు తోటల్లోనే మిగిలాయి. రైతుతో పాటు కట్టుకూలిపై బతికే ఇళ్లూ దెబ్బతిన్నాయి. ఊళ్లోని దుకాణానికి నేరుగా అందే ప్రతి ఆర్డరూ వీరికి పని చూపుతుంది.

దుకాణానికి ఏమి చెప్పాలి?

పూల బేరంలో తగాదాలకు మొదటి కారణం కొలత. మూర అంటే మోచేతి నుంచి నడిమి వేలి కొన వరకు ఉన్న పొడవు. సుమారు అడుగున్నర. అమ్మేవారి చేయి పొట్టిదైతే మూరా పొట్టిదే. ఎదురుగా నిలబడి కొనేటప్పుడు మరో జానెడు వేయించుకోవచ్చు. ఫోన్‌లో ఆ అవకాశం లేదు. పైగా మూర చట్టబద్ధమైన కొలత కాదు. అందువల్ల దూరం నుంచి ఆర్డరు ఇచ్చేవారు అడుగుల్లో గాని, గ్రాముల్లో గాని అడగాలి. దండ అయితే పొడవుతో పాటు మందం కూడా చెప్పాలి. గుచ్ఛమైతే ఎన్ని పూలన్నది లెక్కతో చెప్పాలి. పెద్దది, మధ్యరకం, చిన్నది అనే మాటలకు ఒక్కో దుకాణంలో ఒక్కో అర్థం.

* చేరవలసిన వేళను గంటతో సహా చెప్పాలి. ఉదయం, సాయంత్రం అంటే చాలదు. కార్యక్రమం 11 గంటలకైతే పదింటికే చేరాలని కోరాలి.

* కోరిన పువ్వు దొరక్కపోతే బదులు ఏది వాడవచ్చో, ఏది వాడకూడదో ముందే చెప్పాలి. స్థానికంగా లభ్యమయ్యే పూలతో మార్పు చేసే హక్కు తమకుందని చాలా సంస్థలు షరతుల్లో రాసుకుంటాయి. డబ్బు కట్టే ముందు ఆ షరతును చదవాలి.

* అందుకునేవారి పేరుతో పాటు ఆ ఇంట్లోని మరొకరి ఫోన్ నంబరు ఇవ్వాలి. పుట్టినరోజు కానుకను రహస్యంగా పంపాలనుకుని అందుకునేవారి నంబరు దాచిపెట్టడంతో తలుపు తాళం చూసి వెనక్కి వెళ్లిపోయే సందర్భాలు ఉంటాయి.

* ఇంటి నంబరు కంటే కొండగుర్తు ముఖ్యం. ఏ గుడి పక్క వీధి, ఏ బడి ఎదురుగా అన్నది చెబితే చేర్చేవారికి వెతుకులాట తప్పుతుంది.

* మాలతో పాటు ఉంచే చీటీపై పేర్లు ఎలా రాయాలో సందేశం రూపంలో పంపాలి. ఫోన్‌లో చెబితే అక్షరాలు మారిపోతాయి.

* దుకాణం నుంచి బయలుదేరే ముందు పూల ఫొటో పంపమని కోరాలి. తేడా ఉంటే అప్పుడే సరిచేసుకోవచ్చు.

చిరునామాలో మరో మెలిక ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి తిరుపతి, చిత్తూరు వేర్వేరు జిల్లాలయ్యాయి. ఎప్పటి నుంచో రాస్తున్న అలవాటు కొద్దీ తిరుపతి చిరునామా చివర చిత్తూరు అని చేర్చేవారు నేటికీ ఉన్నారు. ఊరు తెలియని మధ్యవర్తి దాన్ని చూసి 70 కిలోమీటర్ల దూరంలోని చిత్తూరు దుకాణానికి ఆర్డరు పంపే ప్రమాదం ఉంది. పిన్‌కోడ్, జిల్లా పేరు సరిచూసుకోవాలి.

ఊరి చుట్టుపక్కల చిరునామాలకు ఖర్చు వేరుగా ఉంటుంది. రేణిగుంట విమానాశ్రయం, ఏర్పేడు వైపు ఉన్న ఐఐటీ, చంద్రగిరి వంటివి నగరం వెలుపలివి. చేరవేత రుసుము, పట్టే సమయం ముందే అడిగి తెలుసుకోవాలి. పెద్ద విద్యాసంస్థల్లో బయటివారిని గేటు వద్దే ఆపే అవకాశం ఉంది కనుక అందుకునేవారు అక్కడికి రాగలరో లేదో చూసుకోవాలి.

సందర్భాన్ని బట్టి..

మరణం సంభవించిన ఇంటికి: వేళ అన్నింటికంటే ముఖ్యం. అంతిమయాత్ర ఎప్పుడు బయలుదేరేదీ ఆ ఇంటి దగ్గరి బంధువును అడిగి తెలుసుకున్న తర్వాతే ఆర్డరు ఇవ్వాలి. వెబ్‌సైట్‌లో వెతుకుతూ కూర్చోకుండా నేరుగా దుకాణానికి ఫోన్ చేయడం ఉత్తమం. గులాబీ మాలే కావాలని పట్టుబట్టకుండా అప్పటికి సిద్ధంగా ఉన్న పూలతో కట్టమనాలి. చామంతి, బంతి, నేలసంపంగి కలిపిన మాల గంటా రెండు గంటల్లో సిద్ధం కాగలదు. క్రైస్తవ కుటుంబాల్లో గుండ్రని పుష్పగుచ్ఛం, ముస్లిం కుటుంబాల్లో పూల చాదర్ ఉంచే ఆచారం ఉంది. ఆ ఇంటి పద్ధతి తెలుసుకుని చెప్పాలి. సమయం చాలదనిపిస్తే ఆ రోజుకు మానుకుని, పెద్దకర్మ నాడు పటానికి వేసే దండ పంపడం నయం.

పెళ్లికి: వధూవరుల దండలు, పూలజడ, మండపం అలంకరణ, కారు అలంకరణ అదే రోజు చెబితే అయ్యే పనులు కావు. వీటికి కొన్ని రోజుల ముందే మాట్లాడుకోవాలి. దూరంగా ఉన్నవారు పెళ్లినాడు పంపదగినది గుచ్ఛం మాత్రమే.

ఆసుపత్రికి: స్విమ్స్, రుయా వంటి పెద్ద ఆసుపత్రులున్న నగరం కావడంతో రోగులకు పూలు పంపాలనుకునేవారు ఎక్కువ. అత్యవసర చికిత్స విభాగాల్లోకి సాధారణంగా పూలను అనుమతించరు. శస్త్రచికిత్స అయినవారికి, ఉబ్బసం ఉన్నవారికి ఘాటైన వాసన, పుప్పొడి ఇబ్బంది కలిగిస్తాయి. రోగి ఇంటికి చేరిన తర్వాత పంపడమే అందరికీ మంచిది.

తిరుమలకు: కొండపై పూసిన పువ్వు, కొండకు చేరిన పువ్వు స్వామివారికే అన్నది ఆచారం. అందుకే తిరుమలలో మహిళలు పూలు ధరించరు. ఈ సంగతి తెలియని దూరప్రాంతాలవారు కొండపై గదిలో దిగిన బంధువులకు పూలు పంపమని కోరవచ్చు. అది తగదు. వారు కొండ దిగి వచ్చిన తర్వాత తిరుపతిలో అందేలా చూసుకోవాలి. స్వామివారికి పూలు సమర్పించాలన్న మొక్కు ఉన్నవారు తిరుమల తిరుపతి దేవస్థానం ఉద్యానవన విభాగాన్ని సంప్రదించాలి.

విదేశాల్లో ఉన్నవారికి..

అదే రోజు అంటే ఏ దేశపు రోజు అన్నది తేల్చుకోవాలి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనుక. అక్కడ ఉదయం ఏడింటికి నిద్ర లేచి ఆర్డరు ఇస్తే ఇక్కడ తొమ్మిదిన్నర. పని సాఫీగా సాగుతుంది. దుబాయ్‌తో తేడా గంటన్నర మాత్రమే. అమెరికాతోనే చిక్కు. కాలిఫోర్నియాలో ఆదివారం రాత్రి ఎనిమిది అయితే ఇక్కడ సోమవారం ఉదయం ఎనిమిదిన్నర గాని, తొమ్మిదిన్నర గాని అవుతుంది. వేసవి, శీతాకాలాలను బట్టి అక్కడ గడియారం గంట మారుస్తారు. అంటే అక్కడివారు తమ రాత్రి భోజనం వేళకు ఫోన్ చేస్తే ఇక్కడ దుకాణం తెరిచి, పూలు తాజాగా ఉన్న సమయం. తమ ఉదయం వేళకు చేస్తే ఇక్కడ చీకటి పడి దుకాణాలు కట్టేసే సమయం. తేదీ రాసేటప్పుడు భారత కాలమానం ప్రకారం అని స్పష్టంగా చేర్చాలి.

విదేశీ కార్డులతో చెల్లింపులు స్థానిక దుకాణాల్లో సాగకపోవచ్చు. అటువంటప్పుడు ఇక్కడున్న అన్నదమ్ములో, స్నేహితులో యూపీఐ ద్వారా చెల్లించి, తర్వాత లెక్క చూసుకోవడం సులువు.

డబ్బు కట్టే ముందు

స్థానిక దుకాణమని పేరు పెట్టుకుని వేరే రాష్ట్రంలో కూర్చుని ఆర్డర్లు తీసుకునేవారూ ఉంటారు. వారిని గుర్తించడానికి ఒక ప్రశ్న చాలు. దుకాణం ఏ వీధిలో ఉంది, ఎదురుగా ఏముంది అని అడగాలి. గోవిందరాజస్వామి ఆలయ పరిసరాల్లోనో, తిరుచానూరు రోడ్డులోనో నిజంగా దుకాణం నడిపేవారు తడుముకోకుండా చెబుతారు. యూపీఐ ద్వారా పంపేటప్పుడు తెరపై కనిపించే పేరు దుకాణానిదో, యజమానిదో అవునా కాదా చూసుకోవాలి. వీలైతే కొంత ముందుగా, మిగిలింది పూలు చేరాక చెల్లించేలా మాట్లాడుకోవాలి. డబ్బు వాపసు ఇస్తామంటూ కోడ్ స్కాన్ చేయమనేవారిని నమ్మరాదు. డబ్బు అందుకోవడానికి కోడ్ స్కాన్ చేయాల్సిన పని గాని, రహస్య సంఖ్య నొక్కాల్సిన పని గాని లేదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

చట్టం కూడా అండగా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద 2020 జులైలో ఈ-కామర్స్ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మే సంస్థ తన అసలు పేరు, కార్యాలయ చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు బయటపెట్టాలి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్లు తెలియజేయాలి. నెలలోగా పరిష్కరించాలి. ఈ వివరాలేవీ కనిపించని వెబ్‌సైట్‌కు డబ్బు కట్టకపోవడమే క్షేమం.

పూలు అందకపోయినా, చెప్పినదానికి భిన్నంగా వచ్చినా జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరులో ఫిర్యాదు చేయవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల రూపాయలలోపు ఉంటే కమిషన్‌కు రుసుము లేదు. ఆర్డరు రసీదు, మాట్లాడుకున్న సందేశాలు, చేరిన పూల ఫొటో భద్రపరచుకోవాలి. వాడిపోయిన పువ్వు సాయంత్రానికి చెత్తలోకి పోతుంది. ఫొటో లేకపోతే రుజువు లేనట్టే.

చిత్తూరులో..

చిత్తూరు పట్టణానికి వేలూరు 40 కిలోమీటర్లలోపే ఉంది. పలమనేరు వైపు పూల మండలాలూ దగ్గరే. దండలకు, విడిపూలకు కొరత తక్కువ. అయితే గుచ్ఛాలు కట్టే దుకాణాలు తిరుపతితో పోలిస్తే తక్కువ కావడంతో మధ్యాహ్నంలోపే ఆర్డరు చెప్పడం మంచిది. వినాయక చవితి, ఆ వెంటనే కాణిపాకం బ్రహ్మోత్సవాలు జరిగే రోజుల్లో పూలకు గిరాకీ ఎక్కువ కనుక ముందు రోజే చెప్పి ఉంచాలి.

అందుకున్నవారు చేయవలసిన పనులూ కొన్ని ఉన్నాయి. గుచ్ఛంలోని కాడల చివర్లను ఏటవాలుగా కోసి నీటిలో ఉంచి, రోజూ నీరు మారిస్తే పూలు మరికొన్ని రోజులు నిలుస్తాయి. మల్లెదండను గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో ఉంచితే చెమ్మపట్టి నల్లబడుతుంది. అరటాకులో గాని, తడిపి పిండిన గుడ్డలో గాని చుట్టి చల్లనిచోట పెట్టాలి. పూలు అందాయని, ఎలా ఉన్నాయని పంపినవారికి ఒక మాట చెప్పాలి. బాగా కట్టిన దుకాణదారుకూ ఆ మాట చేరితే మరుసటిసారి శ్రద్ధ పెరుగుతుంది.

దూరాన ఉన్నవారు పండుగకో, పెళ్లికో ఊరు వచ్చినప్పుడు చేసుకోదగిన ఏర్పాటు ఒకటుంది. ఇంటివారు ఎప్పుడూ పూలు కొనే దుకాణానికి ఒకసారి వెళ్లి, పేరు చెప్పి పరిచయం చేసుకుని, ఫోన్ నంబరు రాసుకోవాలి. ఇల్లు ఎక్కడో ఆ దుకాణదారుకు అప్పటికే తెలిసి ఉంటుంది. ఆ ఇంట్లో పెద్దావిడకు కనకాంబరమే ఇష్టమన్న సంగతీ తెలిసి ఉండవచ్చు. అవసరం వచ్చిన నాడు వెతుకులాట లేకుండా ఒక్క ఫోన్‌తో పని పూర్తవుతుంది.